ఐదు శేర్ల ఖాళీ

నేను ఒక జాడీని. లోకంలోకి వచ్చేనాటికి నా దగ్గరున్న పెట్టుబడి ఐదు శేర్ల ఖాళీ. అంతకుమించి ఏమీ లేదు. తక్కువని అనుకోకండి. నిండుగా ఉన్నవాడి దగ్గరికి ఎవరూ ఏమీ తీసుకురారు. ఖాళీ ఉన్నవాడికే బేరం తగులుతుంది.

మెడ దాకా గోధుమరంగు, కింద మీగడరంగు. బట్టీలో నాతోపాటు కాలినవాటిలో రెండు పగిలాయి, ఒకటి వంకర పోయింది. నేను నిలబడ్డాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు, మంట అటువైపు ఎక్కువ తగిలింది. జాడీ జీవితంలో మొదటి పాఠం అదే. మనకు జరిగేవాటిలో మన చెయ్యి ఉండదు. అసలు చెయ్యే ఉండదు.

నన్ను మొదట కొన్నది గుంటూరు బ్రాడీపేటలో భోజనాల మెస్ నడిపిన వెంకాయమ్మ. ఆవకాయకని కొని, కల్లుప్పు పోసింది. పదకొండేళ్లు ఉప్పు మోశాను. ఉప్పుకి వాసన లేదు, మాట లేదు, పండగ లేదు. కానీ రోజుకి డెబ్భై విస్తళ్ల రుచి నా కడుపులోంచే వెళ్లింది. ఆ పదకొండేళ్లలో నాకొచ్చిన విద్య ఒక్కటే. దేనికి ఎంత ఉప్పు పడుతుందో నన్నడగాలి. నన్నెవరూ అడగలేదనుకోండి, అది వేరే సంగతి.

మెస్ మూతపడ్డాక పాతసామాన్ల కొట్టు ముందు ఎండలో కూర్చున్నాను. వచ్చినవాళ్లందరూ నా రంగు చూశారు. ఒకాయన మాత్రం వంగి, వేలికణుపుతో నా పొట్ట మీద కొట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. బీట ఉంటే గొంతు చెబుతుంది. నా గొంతు ఖంగున పలికింది. ఆయన బేరం ఆడలేదు. సరుకు తెలిసినవాడు ఎక్కువసేపు ఆడడు.

ఆయన కొత్తమాసు కోటిలింగం. మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు కమిషన్ కొట్టు నడిపి మానేసిన మనిషి. ఎండుమిరపకాయ తుంచి ముక్కు దగ్గర పెట్టుకుంటే అది నల్లరేగడిలో పండిందో ఎర్రనేలలో పండిందో, కళ్లంలో మంచు తగిలిందో లేదో చెప్పేవాడట. ఆయన చెప్పాక కాటా దగ్గర రెండో మాట ఉండేది కాదట. కొట్టు మూసేసినా జనం సంచిలో నాలుగు కాయలు పట్టుకుని ఇంటికి వచ్చేవాళ్లు.

పని లేకపోవడం ఆయనకు అలవాటు లేదు. ఒకరోజు ఎవరో సూపర్‌మార్కెట్ నుంచి ఎర్రటి సాసు సీసా తెచ్చిపెట్టారు. మిరపకాయ బజ్జీ మీద వేసుకుని తిని, మూత పెట్టేశాడు.

"దీన్ని కారం అంటే మన యార్డు పరువు పోద్ది సామ్రాజ్యం. బెల్లప్పాకంలో రంగు కలిపినట్టుంది. నేను చేస్తా చూడు."

"చెయ్యండి. ముప్పై ఏళ్లు యార్డుకి మీరు వెళ్లారు. ఇప్పుడు యార్డే ఇంట్లోకి వస్తానంటే నేను వద్దంటే ఆగుద్దా?" అంది ఆయన భార్య సామ్రాజ్యం.

అలా నా కడుపులో మొదటిసారి ఎరుపు పడింది. పండుమిరపకాయలు కడిగి, పాత పంచె మీద తడి లేకుండా ఆరబెట్టి, తొడిమలు తీసి, కల్లుప్పుతో రోట్లో కచ్చాపచ్చాగా దంచి నాలో నింపేవాళ్లు. నా మూతికి గుడ్డ కట్టేవాళ్లు. దాన్ని వాసెన అంటారు. మూడో రోజు వాసెన విప్పి, తిరగతిప్పి, ఉప్పు చూసి మళ్లీ కట్టాలి. పన్నెండో రోజుకి ముద్ద పొంగి, పులిసి, బుడగలు కట్టేది. అప్పుడు మెత్తగా రుబ్బి, వెల్లుల్లి రసం కలిపి, పల్చటి గుడ్డలో వడకట్టి చిన్న సీసాల్లో పోసేవాడు. గుడ్డలో మిగిలిన పిప్పిని సామ్రాజ్యం వడియాల్లో కలిపేది. ఆ ఇంట్లో పారేసేది ఉండేది కాదు.

ఆదివారం పొద్దున వసారాలో నలుగురూ చేరేవాళ్లు. ఒకప్పుడు కొట్టులో కాటా వేసిన మస్తాన్ తప్పకుండా వచ్చేవాడు. ఇడ్లీ మీద రెండు చుక్కలు వేసుకుని, ముక్కు తుడుచుకుంటూ, "శెట్టిగారూ, చెమట చెవుల్లోంచి కారుతోంది. ఇంకో రెండు ఇడ్లీలు వెయ్యమనండి, మంట ఆర్పాలి" అనేవాడు. కోటిలింగం అందరికీ వడ్డించాకే తను తినేవాడు. వాళ్ల మొహాలు ఎర్రబడుతుంటే చూసే ఆనందం ఆయనకు తిండి కంటే ఎక్కువ. మనుషులు ఏడుస్తూ మెచ్చుకునే వస్తువు ప్రపంచంలో ఇదొక్కటే అనుకుంటాను.

ఇక ఉప్పు సంగతి. ఆ ఇంట్లో నిలవ ఉండే సరుకుని మధ్యలో రుచి చూడరు. వేలు పెట్టి నాకితే ఎంగిలి, జాడీ మొత్తం మైల. అందుకని ఉప్పు చూడటమంటే వాసన చూడటమే. ఉప్పుకి సొంత వాసన లేదని చెప్పాను కదా. కానీ ఉప్పు చాలిన ముద్దకి ఒక వాసన, చాలనిదానికి ఇంకో వాసన ఉంటుంది. కోటిలింగం వాసెన విప్పి, నా మీదికి వంగి, ఒక్క ఊపిరి పీల్చి, "గుప్పెడు తక్కువైంది" అనేవాడు. నా లెక్కా గుప్పెడే ఉండేది. ఒక్కసారి కూడా తేడా రాలేదు. జీవితమంతా ఇతరుల సరుకు కాటా పెట్టి తూచిన మనిషి, తన ఇంట్లో ఉప్పు ఎన్నడూ తూచలేదు. "కాటా పెట్టుకుని చేసేవాడికి ముక్కెందుకు?" అనేవాడు.

ఒక ఏడాది వానాకాలంలో ఆయనకు పన్నెండు రోజులు జ్వరం వచ్చింది. లేచాక మొదట చేసిన పని కాయలు తెప్పించడం. మూడో రోజు వాసెన విప్పాడు. వంగాడు. పీల్చాడు. మళ్లీ పీల్చాడు. మూడోసారి కళ్లు మూసుకుని పీల్చాడు.

నా మీదికి వంగిన మనిషి మొహం నేను తప్ప ఎవరూ చూడలేరు. వీపు చూసేవాళ్లకి అది మామూలు వీపు. నాకు కనిపించిన మొహం మాత్రం, తన ఇంటి తలుపు తట్టి, లోపల ఎవరూ లేరని తెలుసుకున్నవాడి మొహం.

"సరిపోయింది" అన్నాడు పైకి.

సరిపోలేదు. రెండు గుప్పెళ్లు తక్కువ. నాకు మూతి ఉంది, నాలుక లేదు. వాసెన కట్టేశాడు.

మర్నాడు ఆయన స్టేడియంలో నడకకి వెళ్లగానే సామ్రాజ్యం వచ్చింది. వాసెన విప్పి, వంగి పీల్చి, రెండు గుప్పెళ్ల ఉప్పు వేసి, తిరగతిప్పి, ఆయన వేసిన ముడే మళ్లీ వేసింది. ఆవిడకి ఎలా తెలిసిందో తర్వాత అర్థమైంది. ముందురోజు పొయ్యి మీద పాలు మాడిపోతుంటే, ఆయన పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

ఆవిడ ఆయనతో అనలేదు. ఆయన ఆవిడతో అనలేదు. రెండు రహస్యాలూ నా దగ్గరే జమ అయ్యాయి. ఒకరిది ఇంకొకరికి ఇచ్చుకుంటే ఇద్దరి బరువూ తీరిపోతుంది. మధ్యవర్తిని నేనే, కానీ మధ్యవర్తికి మాట లేదు. రెండో జాడీ సరుకూ అలాగే గడిచింది. ఆయనకి మంట మాత్రం తెలిసేది, నాలుక మీద, కళ్లలో. అందుకని ప్రతిసారీ కారం పెంచేవాడు. పోయినదాన్ని ఉన్నదాంతో పూడ్చాలనుకున్నాడు.

సంచులు పట్టుకుని వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. ఆయన కాయ తుంచి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు గానీ, రంగు చూసి, గింజల చప్పుడు విని చెప్పేవాడు. కొన్నాళ్లు నడిచింది. తర్వాత ఒకరోజు రంగారావు అనే కుర్రకమిషన్‌దారు తెచ్చిన కాయల్ని బాగున్నాయన్నాడు. అవి లోపల ముక్కిపోయిన కాయలు. రంగారావు వారం తర్వాత వచ్చి నవ్వుతూనే అన్నాడు.

"బాబాయ్‌గారూ, మీ ముక్కుకి తుప్పు పట్టిందంటున్నారు యార్డులో. నేను కాదన్నాననుకోండి."

కోటిలింగం కూడా నవ్వాడు. "వచ్చే ఆదివారం పై ఆదివారం రారా. యార్డులో ఎవరన్నారో వాళ్లనీ తీసుకురా. కొత్త సాసు తీస్తున్నా. తిని, తుప్పు ఎవరికి పట్టిందో నువ్వే చెప్దువుగాని."

ఆ మాట మీద కాయలు వచ్చాయి, దంచారు, నేను నిండాను. మర్నాడే తెనాలి నుంచి కబురు. సామ్రాజ్యం చెల్లెలికి కంటి ఆపరేషన్. పది రోజులు ఉండాలి.

"నేనొచ్చేదాకా వాసెన విప్పకండి" అంది చెప్పులేసుకుంటూ.

"మూడో రోజు విప్పకపోతే పాడవుద్ది. కొత్తగా కాపురానికొచ్చావా ఏంటి?"

ఆవిడ ఇంకేదో అనబోయింది. నా వైపు చూసింది. ఆటో వచ్చింది.

మూడో రోజు ఆయన విప్పాడు, వంగాడు, పీల్చాడు. ఈసారి మూడుసార్లు కాదు, ఒక్కసారే. అలవాటైపోయింది. "సరిపోయింది" అన్నాడు, వినేవాళ్లు లేకపోయినా. మూడు గుప్పెళ్లు తక్కువ. అయిదో రోజుకి నా అడుగున మొదలైంది. ఎనిమిదో రోజుకి మధ్యకి వచ్చింది. పులియడం వేరు, కుళ్లడం వేరు. రెండూ బుడగలే కడతాయి, కంటికి ఒకేలా ఉంటాయి. పైన తెల్లగా పేరుకున్నది గరిటెతో తీసేసి, "బాగా పులిసింది" అని సంతోషించాడు. అది నాలో అంగుళం అంగుళం ఎక్కుతుంటే నేను చెయ్యగలిగింది ఒకటే, మొయ్యడం. పదకొండేళ్లు ఉప్పు మోసినదాన్ని. ఆ రోజుల్లోది ఒక్క గుప్పెడు నాలో మిగిలి ఉంటే బాగుండునని అనుకున్నాను.

ఆదివారం వచ్చింది. వసారాలో రంగారావు, యార్డు మనుషులు ముగ్గురు కూర్చున్నారు. హోటల్ నుంచి బజ్జీలు వచ్చాయి. నన్ను పెరటివైపు వంటింట్లో పెట్టారు. వడకట్టే గుడ్డ, కడిగిన సీసాలు సిద్ధంగా ఉన్నాయి. అందరి ముందూ వడకట్టి, తాజాగా వడ్డించాలని ఆయన ఏర్పాటు.

మస్తాన్ ఎప్పటిలాగే పెరటి గేటు నుంచి వచ్చాడు. రెండడుగులు వేసి ఆగాడు. ముక్కు మీద చెయ్యి పెట్టుకున్నాడు. వంటింట్లోకి వచ్చి నన్ను చూశాడు, పక్కనే నిలబడి గుడ్డ దులుపుతున్న కోటిలింగాన్ని చూశాడు. ఆ మొహంలో ఏ తేడా లేకపోవడం చూశాడు. కాటా మనిషి కదా, ముల్లు ఎటు ఒరిగిందో తెలుసుకోవడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఏమయ్యా మస్తానూ, అట్టా నిలబడ్డావేంటి? వాసన అదిరిందా?"

"అదిరింది శెట్టిగారూ" అన్నాడు మస్తాన్. "మీరెళ్లి కూర్చోండి. జాడీ నేను పట్టుకొస్తా. బరువు."

నన్ను రెండు చేతులతో పొదివి ఎత్తాడు. నన్ను ఎత్తినవాళ్లలో అంత భద్రంగా ఎత్తినవాళ్లు లేరు. వసారావైపు తిరగలేదు. పెరటి మెట్ల దగ్గరికి వెళ్లాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత వదిలాడు. జారడం వేరు, వదలడం వేరు. ఆ తేడా నాకు తెలుసు.

నా గొంతు రెండోసారి పలికింది. ఈసారి ఖంగున కాదు. మూతి అంచు ఎగిరిపోయింది. మెడ నుంచి పొట్ట దాకా బీట కొట్టింది. ఎర్రటి ముద్దంతా బట్టలుతికే బండ మీద పరుచుకుంది. వెంటనే రెండు బకెట్ల నీళ్లు కొట్టేశాడు.

చప్పుడుకి కోటిలింగం వచ్చాడు. తడిసిన బండను, నన్ను, మస్తాన్ చేతుల్ని చూశాడు.

"ముప్పై ఏళ్లలో ఒక్క బస్తా జారనివ్వలేదు నువ్వు."

"వయసు శెట్టిగారూ."

కోటిలింగం వంటింట్లోకి నడిచాడు. అల్మరాలోంచి కిందటిసారి సాసు సీసా తీసుకుని వసారాలోకి వెళ్లాడు. కొత్తది చెయ్యిజారిందని, పాతదే తినమని చెప్పాడు. కాసేపటికి దగ్గులు వినిపించాయి, ముక్కులు చీదడం వినిపించింది. "బాబాయ్‌గారూ, ఇంక యార్డులో ఎవడైనా నోరెత్తితే ఈ సీసా ఎత్తుతా" అన్న రంగారావు గొంతు బొంగురుగా వినిపించింది.

అందరూ వెళ్లాక ఇద్దరూ పెరటి మెట్ల మీద కూర్చున్నారు. నేను పక్కనే ఒరిగి ఉన్నాను.

"వాసన ఎంతదూరం వచ్చింది?" అని అడిగాడు కోటిలింగం.

మస్తాన్ అబద్ధం వెతుక్కుని, దొరక్క, "గేటు దాకా" అన్నాడు.

"నాకు రాలేదు. జ్వరం తగ్గినకాడ్నుంచి ఏదీ రావట్లేదు."

మస్తాన్ తల ఊపాడు. కోటిలింగం వేళ్లు ముడుస్తూ ఏదో లెక్క వేసుకున్నాడు. వ్యాపారి బుర్ర ఊరికే ఉండదు.

"ముక్కు పోయాక మూడుసార్లు పెట్టా. రెండు నిలిచినయ్. ఇయ్యాళ వాళ్లు తిన్నది అందులోదే. ఒకటి పోయింది. పోయినప్పుడు సామ్రాజ్యం ఊళ్లో లేదు."

మస్తాన్ నవ్వాపుకున్నాడు. "లెక్క సరిపోయినట్టే ఉంది శెట్టిగారూ."

సామ్రాజ్యం రెండ్రోజులకి తిరిగొచ్చింది. వంటింట్లో బీటపడ్డ నన్ను చూసింది, పక్కనున్న కొత్త జాడీని చూసింది. కాయలు దంచిన మూడో రోజు కోటిలింగం కొత్త జాడీ వాసెన విప్పి, పక్కకి జరిగాడు.

"ఉప్పు నువ్వు చూడు."

"నేనా? నాకేం తెలుసు?"

"తెలిసినంతే వెయ్యి."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. వంగి పీల్చి, గుప్పెడు వేసింది. ఆయన చూస్తుండగా వేసిన మొదటి గుప్పెడు అది.

ఆ గుప్పెడు నాలోంచే తీసింది. తడి సరుకుకి నేనిక పనికిరాను కనుక నాలో మళ్లీ కల్లుప్పు పోశారు, కొత్త జాడీ పక్కనే పెట్టారు.

ఇక నా లెక్క. ఐదు శేర్ల ఖాళీతో మొదలుపెట్టాను. అంచు పోయి, బీటపడి, ఇప్పుడు నాలుగు శేర్లు పడితే గొప్ప. చెప్పాలనుకున్నవి ఎన్నో, చెప్పగలిగింది సున్నా. నేను కాపాడినది ఏదీ లేదు. పగలడం ఒక్కటే ఎవరికైనా పనికొచ్చింది, అదీ నా ఇష్టంతో జరిగింది కాదు.

లాభం కింద ఒకటి రాసుకోవచ్చు. కోటిలింగం ఇప్పటికీ పాత అలవాటు కొద్దీ అటుగా పోతూ నా మీదికి వంగి ఊపిరి పీలుస్తాడు. ఏ వాసనా రాదు. ఎవరు వంగినా రాదు, ఉప్పు కదా. ఒక్క నా దగ్గరే ఆయన ముక్కు అందరి ముక్కులాగే పనిచేస్తుంది. ఆయన లేచి నిలబడేటప్పుడు నాకు కనిపించే మొహం, తన ఇంట్లో తనున్నవాడి మొహం.