ఐదో ముడి

ఖైరున్నీసా ఆ ఉదయం కూడా తప్పే చేసింది. రోగి వచ్చి, సూది దిగి, వెన్నులోంచి తీసిన నీరు చేతికందాకే గొట్టాల మీద నంబర్లు రాయాలి. ఆవిడ తొమ్మిదింటికే మూడు చిన్న గొట్టాలకు చీటీలు అంటించేసింది. పేర్లు రాయకూడదు కనుక, నంబరు రాస్తూ పెదవుల్లోనే "మత్తయి గారు" అనుకుంది.

ఏలూరులోని ఆ ల్యాబ్‌లో పదకొండేళ్లుగా ఆవిడ పని ఇదే. కండరాలు కరిగిపోయే మోటార్ న్యూరాన్ జబ్బున్నవాళ్ల వెన్నునీటిని యంత్రంలో గిరగిరా తిప్పి, ఫ్రీజర్‌లో దాచడం. జబ్బును ముందే పట్టిచ్చే ప్రొటీను ఆ నీటిలో ఉందేమోనని డాక్టర్లు వెతుకుతున్నారు. దొరికితే పేపర్లో వాళ్ల ఫొటో పడుతుంది. ఆవిడ ముఖం ఆ ఫ్రీజర్‌కి తప్ప ఎవరికీ పట్టదు. తలుపు తీయగానే తెల్లటి పొగ పాదాల మీదికి పాకుతుంటే, మంచుపట్టిన కొల్లేట్లో పడవ మీద నిలబడ్డట్టు ఉండేది ఆవిడకు.

ఆ కొల్లేరు ఆవిడ చూసింది కాదు, కొల్లేటికోట మత్తయి చెప్పింది. ఆయన చేపల వలలు అల్లే మనిషి. మొదటిసారి వచ్చినప్పుడు, ఆవిడ గొట్టాలు మోసుకెళ్లే ఐస్ బాక్స్ పిడి విరిగి ఉండటం చూసి, జేబులోంచి వలతాడు తీసి ముడేశాడు.

"పడవ కట్టినా ఊడదండీ."

మూడు నెలలకోసారి వచ్చి మరో ముడి వేసేవాడు. రెండోది కాస్త వదులు. నాలుగోదానికి అరగంట పట్టింది. ఖైరున్నీసా తను వేస్తానన్నా ఒప్పుకోలేదు. వెళ్తూ ఎప్పుడూ ఒకటే అడిగేవాడు.

"నా నీళ్లల్లో ఏవన్నా దొరికిందాండీ?"

"ఇంకా లేదండీ."

"పోనీలెండి. ఎవరికో ఒకరికి పనికొస్తే చాలండీ."

రోగి ఐదుసార్లూ నీరిస్తేనే జబ్బు నడక తెలుస్తుంది; ఇవాళ మత్తయిది ఐదోసారి. ఒక్కటి తగ్గినా మిగతావి పారేస్తారు. ఆవిడ గడియారం కేసి చూస్తూ కూర్చుంది.

పదకొండింటికి ఆయన కూతురు జాయ్సీ ఒక్కతే వచ్చింది.

"నాన్న ఆదివారం పోయారండీ, చర్చి గంట కొడుతుండగా." ఫ్రీజర్ కేసి చూసి అడిగింది. "నాలుగుసార్లిచ్చారు కదండీ, అవి పనికొస్తాయాండీ?"

ఖైరున్నీసా కుర్చీలోంచి లేచింది. "పారేయనివ్వనమ్మా. డాక్టరుగారిని నేనడుగుతాను."

పదకొండేళ్లలో ఆవిడ డాక్టరుగారిని ఏదీ అడిగి ఎరగదు. జాయ్సీ బల్ల మీద ఓ వలతాడు పెట్టింది.

"మీకిమ్మన్నారండీ. వేళ్లు రావట్లేదు, ఈసారికి ముడి మేడంగారినే వేసుకోమను అన్నారండీ."

ఆ పిల్ల వెళ్లాక ఆవిడ డాక్టరు గదికి వెళ్లి, నిలబడే అడిగింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "ఉంచండి. నాలుగింటితోనే చూద్దాం" అన్నాడు.

సాయంత్రం ఇంటికెళ్లే ముందు తాడును ఐస్ బాక్స్ పిడికి చుట్టింది గానీ, ముడి వేయడానికి ఆవిడకు చేతులాడలేదు. నాలుగు ముళ్ల పక్కన ఆ తాడు కొస, ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతూ ఉంది.