అన్నం పార్టీ

నాకు ముక్కు మీద కోపం. రొట్టె తిన్న రోజున మరీను. డెబ్బై ఆరులో, అరబ్బు ఎడారిలో ఇబ్రి అనే ఊళ్లో రోడ్డు పని చేసే మా కంపెనీ క్యాంపులో మూడు పూటలా రొట్టే. నెలకోసారి మెస్ కమిటీ ముప్పై ఏడుగురినీ కూర్చోబెట్టి చేతులెత్తమనేది. రొట్టెకు ముప్పై ఒక్క చెయ్యి, అన్నానికి అయిదు. ఆ అయిదూ మా కరీంనగర్ వాళ్లవి.

మా చెల్లె మొగుడు పెద్దులు అప్పుడే జ్వరం పడి లేచాడు. రొట్టె గొంతు దిగడం లేదని, ఈ శుక్రవారం మీటింగులో అన్నం ఒప్పుకోకపోతే ఇంటికి పోతానని పెట్టె సర్దుకున్నాడు. వాణ్ని పిలిపించింది నేనే. వాడు అట్లా తిరిగిపోతే చెల్లెకు నా ముఖం ఎట్లా చూపించను?

కమిటీ పెద్ద పెషావరు ఖాన్‌కు అర్జీ ఉర్దూలో రాయాలి. మా తెలుగు, ఆ రాత రెండూ వచ్చినవాడు టైమ్‌కీపర్ ఖమరుద్దీన్ ఒక్కడే. బోధన్ మనిషి. ఆయనకూ నాకూ రెండు నెలలుగా మాటల్లేవు. తప్పు నాదే. ఒకనాడు చాయ్ తాగుతూ, తెల్లోళ్ల కాలంలో మీవాళ్లు వేరే పార్టీ ఎందుకు పెట్టారు, దేశం ముక్కలు కావడానికి మొదలు అదే కదా అని నోరు జారాను. ఆయన కప్పు కింద పెట్టి లేచిపోయాడు.

సిగ్గు చంపుకుని వెళ్లాను. ఏం రాయాలన్నాడు, తలెత్తకుండా.

"అందరు చేతులెత్తితే మేమెన్నడు గెలుస్తం? కమిటీల మాకో కుర్సీ కావాలె. ఆ కుర్సీకి మనిషిని అన్నం తినేటోళ్లే ఎన్నుకోవాలె."

ఖమరుద్దీన్ కలం ఆపి, భుజాలు కదిలేలా నవ్వాడు.

"భీమన్నా, పందొమ్మిది వందల ఆరుల మావోళ్లు వైస్రాయి దగ్గరికి పోయి గిదే అడిగిన్రు. ఆ ఏడే ఢాకాల పార్టీ పెట్టిన్రు."

నాలుక కరుచుకున్నాను. అప్పుడు అంతా చెప్పాడు. ఎన్నికలు పెరుగుతాయంటే తక్కువ చేతులున్నవాళ్లు ఎప్పటికీ ఓడిపోతామని భయపడ్డారట. చదువుల్లో, కొలువుల్లో వెనకబడ్డామన్న దిగులు కూడా ఉండేదట. ముందు నడిచింది నవాబులు, జమీందార్లు. జనం రెండుగా ఉంటే తెల్లవాళ్లకూ పని సులువేనట. మరి అది తప్పా ఒప్పా అని అడిగాను.

"భయం నిజమే. తర్వాత అయిందీ నిజమే. మా తాత మాత్రం బోధన్ల బట్టలు కుట్టుకుంట కూసున్నడు. ఆయన్ని ఎవలడిగిన్రు?"

అర్జీ కింద మేం అయిదుగురం సంతకాలు పెట్టాం. కాగితం ఆయన తీసుకుని, అన్నిటికన్నా పైన ఆరో సంతకం పెట్టాడు. నువ్వు రొట్టె మనిషివి కదా అన్నాను.

"ఎవలు చెప్పిన్రు? రెండేండ్ల సంది అన్నానికి మొహం వాచిపోయిన. ఏ దిక్కుకూ ఎత్తని ఆ ఒక్క చెయ్యి నాదే. నువ్వొక్కనాడన్న అడిగినవా?"

ముప్పై ఒకటీ, అయిదూ కలిపితే ముప్పై ఆరు. నెలనెలా చేతులు లెక్కపెట్టిన నాకు ఒక మనిషి మిగిలాడన్న సోయే లేదు.

శుక్రవారం, రొట్టె మనిషే అనుకున్న టైమ్‌కీపర్ సంతకం అన్నిటికన్నా పైన చూసి ఖాన్ తెగ నవ్వి, కుర్సీ ఎందుకులే, రోజూ ఒక పూట అన్నం వండుకోండి అన్నాడు. పెద్దులు పెట్టె విప్పాడు. మొదటి పళ్లెం ఖమరుద్దీన్ ముందు పెట్టి, పులుసు పొయ్యాల్నా, తొక్కు వెయ్యాల్నా అని అడిగాను.

"అడిగినవు గదా, రెండూ ఎయ్యి" అన్నాడు.