ఒంటి నాడె

1963లో బెంగళూరులోని ఒక పరిశోధనాలయం నన్ను రమ్మంది. పట్టుకు వేసిన రంగు నీళ్లలో ఎందుకు దిగుతుందో కనిపెట్టాలి. నెలనెలా ఫెలోషిప్ ఇస్తారు, చివర డాక్టరేటు. ధర్మవరంలో మా ఇంట్లో పుట్టిన ప్రశ్నే అది. మొదటిసారి ఉతికినప్పుడే ఎర్రంచు రంగు ఆకుపచ్చ చీరలోకి దిగిందని ఎందరు ఆడవాళ్లు మా నాయన ఓబుళప్పను తిట్టిపోయారో! ఆ తిట్లు వింటూ పెరిగి, పంతం పట్టి కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివాను.

సోమవారం చేరాలి. మగ్గం మీద చీర సగంలో ఉంది.

రెండు రంగుల అంచు చీర ఒక్కరితో అయ్యేది కాదు. నాయన ఆకుపచ్చ పోగు చుట్టిన నాడె నిలువు పోగుల మధ్య అటూ ఇటూ విసురుతాడు, పక్క పలక మీద కూర్చుని నేను ఎర్ర నాడె అంచులో ఆడించాలి. అమ్మకు మోకాళ్లు పట్టేశాయి, కూర్చోలేదు. ఇంకెవరినైనా పిలుద్దామంటే ఎవరి మగ్గం వాళ్లకుంది. పైగా మా నేతవాళ్లలో, మగ్గానికి ఎక్కించిన పడుగు, అంటే ఆ నిలువు పోగులు, అయిపోయేదాకా పక్కమనిషి లేవకూడదు.

“ఈ పడుగు అయిపోనీ పాపా, పోదువులే,” అన్నాడు నాయన.

“అంతవరకూ నా సీటు పెట్టుకోనుంటారా? ఇంగొకరికి ఇచ్చేస్తారు! నా బతుకంతా నీకు అంచు అందిచ్చేదానికేనా నాయనా?” అని అరిచాను. నాకు కోపమొస్తే నోటికి అడ్డూ ఆపూ ఉండదు. లోపల మాత్రం ఏడుపు. పోవాలని ఎంత ఆశ! కళ్లు మూసుకుంటే గాజు గొట్టాలే కనిపించేవి.

 ఆదివారం పొద్దున నాయన మగ్గం గుంతలోకి దిగి, నా నాడె తీసి గూట్లో పెట్టాడు. ఆకుపచ్చ నాడె ఒక్కటే ఈ కొస నుంచి ఆ కొసకు విసిరాడు. ఎర్రంచులోకి ఆకుపచ్చ పోగు దూరింది. అంచు మసకబారింది.

“అయ్యో, అంచు చెడిపోతాండాది నాయనా!”

“చెడిపోతే పోనీలే. ఎవురో ఒకరు కట్టుకుంటారు. లెయ్యి, రైలు తప్పిపోతాది.”

అంచు చూసి చీర ఎవరు నేసిందో చెప్పే ఊరు మాది. ఆ మాట అనడానికి ఆయన గుండె ఎంత రాయి చేసుకున్నాడో! రైల్లో పెనుకొండ దాటేదాకా ఏడుపు ఆపుకున్నాను. హిందూపురంలో ఇక ఆగలేదు. ఇన్నాళ్లూ పోవాలి పోవాలని కొట్టుకుని, తీరా పోతుంటే ఇల్లు కావాలంటుంది, ఏం పాడు మనసో!

ప్రయోగశాలలో రోజంతా ఎరుపు ఆకుపచ్చలోకి దిగకుండా చూడటమే నా పని. అక్కడ నాయన ఆ రెంటినీ కలిపే నేస్తున్నాడు.

దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. నా పలక శుభ్రంగా తుడిచి ఉంది. గబగబా దాని మీద కూర్చుని, గూట్లోని నాడెకు చెయ్యి చాచాను.

“ముట్టుకోవద్దు పాపా,” అన్నాడు నాయన. “ఎట్లో ఒంటి నాడెకు అలవాటు పడినా. నువ్వు రెండు దినాలు అందిచ్చి పోతే, మళ్లా నా చెయ్యి నీ కోసం చూస్తాది.”

చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆయన నేసినంతసేపూ అక్కడే కూర్చున్నాను.