వట్టి కాలితో కొత్త పెడల్

ఆ పెడల్‌ని చూసిన మరుక్షణం జ్ఞానదాసుకు ఒళ్ళు మండింది. బేస్ డ్రమ్ము మోగాలంటే కాలితో తొక్కడానికి ఒక పెడల్ కావాలి, నిజమే. కానీ దానికి జంట చెయిన్లెందుకు, అద్దంలా మెరిసే రేకెందుకు, నగలపెట్టెలాగా మఖ్మల్ గుడ్డ పరిచిన ఆ పెట్టెందుకు? కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా అనుకుని మూతి తిప్పుకున్నాడు.

తెచ్చినవాడు ఫిన్నీ. కరీంనగర్ మనిషి, ముప్పై దాటినవాడు. మొన్నటిదాకా ఈ అరబ్బు దేశపు రాజధాని మనామాలో ఏదో హోటల్ బ్యాండులో డ్రమ్స్ కొట్టేవాడట. ఆ బ్యాండు మూతపడ్డాక దేవుడు గుర్తొచ్చి ఇక్కడి తెలుగు క్రైస్తవ సహవాసంలో చేరాడు. చేరి మూడు నెలలైనా కాలేదు, పాస్టరు గారు అప్పుడే కరిగిపోయారు. "శుక్రవారం వార్షికోత్సవంలో మొదటి పాటకు ఫిన్నీ కొడతాడు. బాగుంటే ఇకమీదట డ్రమ్ముల స్టూలు అతనికే ఇద్దాం. జ్ఞానదాసు గారికీ కాస్త విశ్రాంతి" అని అందరి ముందూ అనేశారు.

విశ్రాంతట! ఎవరడిగారు? నువైద్రాత్‌లో తను పనిచేసే పరంజా సామాన్ల స్టోరులో జ్ఞానదాసును పేరు పెట్టి పిలిచే నాథుడు లేడు. అందరికీ 'స్టోర్ భాయ్' అంతే. పదకొండేళ్ళుగా, ఇక్కడ సెలవు రోజని శుక్రవారం శుక్రవారం జరిగే ఆరాధనలో, ఆ డ్రమ్ముల వెనక కూర్చున్నప్పుడే అతను జ్ఞానదాసు గారు. ఆ స్టూలు కాస్తా పోతే మిగిలేది స్టోర్ భాయే.

మంగళవారం మహూజ్‌లో ఫిన్నీ గదిలో సాధన పెట్టారు. పాటలు పాడించే తబితా, అంటే జ్ఞానదాసు భార్య, వెళ్ళక తప్పదు. ఆవిడ వెంట తనూ వెళ్ళాడు, తప్పులు పట్టడానికి.

"అన్నా, నువ్వు గూడ జర తొక్కి చూడరాదే. వెన్నలెక్క పోతది" అన్నాడు ఫిన్నీ.

"వెన్న తొక్కే అలవాటు నాకు లేదు నాయనా" అన్నాడు జ్ఞానదాసు.

ఫిన్నీ నవ్వేసి కొట్టడం మొదలుపెట్టాడు. చప్పుడు తగ్గడానికి బేస్ డ్రమ్ములో దిండు కుక్కినా గది అదిరిపోయింది. అప్పుడు జ్ఞానదాసు చూపు కిందికి పోయింది. రబ్బరు అడుగున్న లావుపాటి బూట్లు! ఆ బూటు పట్టుకు, ఆ బూటు బరువుకు సరిగ్గా స్ప్రింగు బిగించుకున్నాడు మహానుభావుడు. హోటళ్ళలో బూట్లతో ఊరేగినవాడికి, ఇంకా ఒక్కసారైనా మన వేదిక ఎక్కనివాడికి, మన వేదికల సంగతేం తెలుసు? చెప్పులేసుకుని వేదిక ఎక్కితే మనవాళ్ళు ఊరుకుంటారా?

చెప్పొచ్చు. నోరేం పడిపోలేదు. అయినా చెప్పలేదు. పైపెచ్చు "బాగుంది, బాగుంది, ఇలాగే కానియ్" అని భుజం తట్టి వచ్చాడు. ఆ రాత్రి కడుపునిండా తిని హాయిగా నిద్రపోయాడు.

శుక్రవారం పొద్దున ఉమ్మ్ అల్ హస్సామ్‌లో అద్దెకు తీసుకున్న హాలు నిండిపోయింది. జ్ఞానదాసు కావాలనే ముందు వరసలో కూర్చున్నాడు. ఫిన్నీ బూట్లతో టకటకా వచ్చి వేదిక మెట్టు మీద కాలు పెట్టబోయాడు. సంఘపెద్ద చెయ్యి అడ్డం పెట్టాడు.

"బాబూ, బూట్లు."

"డ్రమ్స్ కొట్టేటోళ్ళు గూడనా?"

"దేవుని సన్నిధి బాబూ. ఎవరైనా విప్పాల్సిందే."

ఫిన్నీ బూట్లు విప్పి మేజోళ్ళతో ఎక్కాడు. పెడల్ మీద కాలు పెట్టగానే మేజోడు సర్రున జారింది. మేజోళ్ళు కూడా పీకేశాడు. పాట ఎత్తుకోగానే అలవాటు చొప్పున మడమ లేపి తొక్కాడు. చెమట పట్టిన పాదం రేకు మీంచి జారి, బొటనవేలు ఇనప బద్దకు కొట్టుకుంది. డ్రమ్ము మోగాల్సిన చోట "అమ్మా" అన్న కేక వినపడింది. నలుగురు నవ్వారు. జ్ఞానదాసు మాత్రం జేబురుమాలు నోటికడ్డం పెట్టుకుని దగ్గాడు. ఇంత చక్కటి దగ్గు అతనికి ఎన్నడూ రాలేదు.

ఖలాస్, అయిపోయింది వీడి పని అనుకున్నాడు.

ఫిన్నీ లేచిపోలేదు. మడమ దించి రేకుకు ఆనించాడు. వేళ్ళతో, చంటిబిడ్డను జోకొట్టినట్టు, మెల్లగా నొక్కాడు. అంత పెద్ద పెడల్‌తో అంత చిన్న చప్పుడు. గట్టిగా కొట్టలేడు, కొడితే జారుతుంది. 'ఛీ, ఇదీ ఒక కొట్టుడేనా, వెనక వరసకైనా వినపడదు' అని జ్ఞానదాసు పక్కకు చూశాడు. ఎవరూ అతనికేసి చూడడం లేదు. అందరూ తబితాను చూస్తున్నారు.

తబితా పాడుతోంది. చరణం చివర గొంతు కిందికి దించి, దాదాపు మాట్లాడినట్టు, ఒక మాటను రెండుసార్లు అంది. ఆ మాట అలా అంటుందని అతనికి తెలియనే తెలియదు. ఎవరో ముక్కు ఎగబీల్చారు. జ్ఞానదాసు జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పాట అయ్యాక తబితా నీళ్ళ కోసం కిందికి దిగివచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"చూశావా, కాలు నిలవలేదు వెధవకి" అన్నాడు జ్ఞానదాసు.

"పదకొండేళ్ళకి ఇవాళ నా పాట నాకు వినపడిందండీ."

"అంటే? నా కొట్టుడు అంత గట్టిగా ఉంటే ముందే చెప్పి ఏడవచ్చుగా!"

తబితా సీసా మూత బిగించింది. "చెప్పకేమండీ? పాట మధ్యలో ప్రతిసారీ మీవైపు తిరిగి, మెల్లగా, మెల్లగా అనేదాన్ని. మీరేమో బాగుందంటున్నాననుకుని, తలూపి, ఇంకాస్త గట్టిగా వాయించేవారు."

కోపంగా అనలేదు. నవ్వుతూ కూడా అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పి, మళ్ళీ వేదిక ఎక్కింది.

జ్ఞానదాసుకు పదకొండేళ్ళ శుక్రవారాలు ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. భార్య వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా ఎంత పొంగిపోయాడో, ఎంత రెట్టించిన ఉత్సాహంతో బాదాడో తలుచుకుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"జ్ఞానదాసు గారూ, రెండో పాటకు మీరు రండి" అని పాస్టరు గారు మైకులో పిలిచారు. పాపం, మొదటి పాటలో బొటనవేలు తప్ప ఆయనకేమీ గుర్తున్నట్టు లేదు. స్టూలు నిక్షేపంగా జ్ఞానదాసుదే. ఫిన్నీ అప్పటికే లేచి, తలొంచుకుని, ఆ పెడల్ మరలు విప్పుతున్నాడు. తబితా మైకు పట్టుకుని ఎటూ చూడకుండా నిలబడి ఉంది.

జ్ఞానదాసు సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"మోకాలు పట్టేసింది పాస్టరు గారూ. ఆ అబ్బాయినే ఉండనివ్వండి" అన్నాడు.

మోకాలికి ఏ రోగమూ లేదు.