మందు వాసన

వెన్న వాసన కాదు, వెన్నయితే ఇంకో మూడు రోజులు ఈస్ట్ మీదే వదిలేస్తే పోతుంది, పచ్చి ఆపిల్ వాసనా కాదు, ఇది దెబ్బ మీది ప్లాస్టర్ ఊడదీసినప్పుడు గుప్పుమనే వాసన, అనుకుంటూ జనార్దన్ గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, టాంపినీస్‌లో పదకొండో అంతస్తు వంటింట్లో ఆదివారం మధ్యాహ్నం, కిటికీ అవతల వానకు ఆకాశం నల్లబడుతోంది, వరసగా ఇది మూడో బకెట్టు, ఇరవై లీటర్ల బీరు, మొదటిసారి గొట్టానిది తప్పన్నాడు, కొత్తది కొన్నాడు, రెండోసారి ఈస్ట్‌ది తప్పన్నాడు, అదీ మార్చాడు, ఈసారి ఉక్కకు పాడవుతోందేమోనని బకెట్టును ఐసునీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి వారం రోజులు జ్వరం చూసినట్టు చూశాడు, అయినా ఇంతే, భార్య అరుణశ్రీ ఒక్క గుక్క తాగి ఆసుపత్రిలా ఉంది అని మిగతాది సింకులో వంచేసింది, బాబ్జీ ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు కదా అని కూడా అంది, ఆ మాట అనకపోయినా పోయేది, బాబ్జీ ఏం చేసేవాడని, సీసాలు కడిగేవాడు, నీళ్ళు పట్టేవాడు, మూతలు నొక్కేవాడు, మాల్టు ఎంత, చేదు కోసం వేసే హాప్స్ ఎప్పుడు, అన్నీ చూసి చెప్పింది తను.

ఆఫీసులోనూ అంతే, పక్కపక్క కుర్చీల్లో రెండేళ్ళు, ప్రోగ్రాములు రాసేది తను, వాటిని పరీక్ష చేసేది బాబ్జీ, ఊరంతా ఉద్యోగాలే ఉన్న ఏడాదిలోనే పని హైదరాబాదుకు తరలిస్తున్నాం, ఇక్కడ ఒక్కరు చాలు అంది కంపెనీ, ఈ పరాయి దేశంలో పనిచేయడానికి ఇచ్చిన పాసు రద్దయి మార్చిలో బాబ్జీ కాకినాడ వెళ్ళిపోయాడు, కుదిరిన సంబంధం కూడా వెనక్కి పోయిందట, అది విన్నాక ఫోన్ చేయడం ఎందుకో కుదరలేదు, ఇప్పుడు బీరు కోసమైనా చేయాల్సి వచ్చింది.

ఏంటండీ జనార్దన్ గారూ, ఇన్నాళ్ళకి, అన్నాడు బాబ్జీ, గొంతులో నిష్ఠూరం లేదు, ఉంటే బాగుండేది, ఉద్యోగం సంగతి అడిగితే చూస్తున్నానండి అని ఊరుకున్నాడు, బీరు గొడవ చెప్పగానే మాత్రం హుషారొచ్చింది, ప్లాస్టర్ వాసనా, అయితే నీళ్ళలో బిళ్ళ వెయ్యట్లేదు మీరు, ఏ బిళ్ళ అన్నాడు జనార్దన్, అదేనండీ, కుళాయి నీళ్ళలో క్రిములు చావడానికి మందు కలుపుతారు కదా, అది మరిగించినా పోదు, ముందే అరబిళ్ళ నలిపి కలిపేస్తే ఆ మందు విరిగిపోద్ది, సింకు కింద డబ్బాలో ఉంటాయి చూడండి, నాకెప్పుడూ చెప్పలేదేం అని అడిగితే, చెప్పేదేముందండీ, పనయిపోయేది కదా, అన్నాడు.

సింకు కింద ఉంది డబ్బా, బిళ్ళలన్నీ శ్రద్ధగా సగానికి విరిచి ఉన్నాయి, ఫోన్ పెట్టేసి నేల మీదే చతికిలబడ్డాడు జనార్దన్, పనయిపోయేది, అవును, అన్నీ అయిపోయేవి, ప్రోగ్రాములు రాయించుకునే బ్యాంకువాళ్ళ ముందు తన ప్రోగ్రాము ప్రతిసారీ ఎక్కడా ఆగకుండా నడిచేది, ఎందుకు నడుస్తోందో తనెప్పుడూ అడగలేదు, మేనేజర్ గదిలోకి పిలిచి ఈ బాబ్జీ అసలేం చేస్తాడు అన్నప్పుడు పెద్దగా ఏమీ లేదు, నాకు సాయం చేస్తుంటాడు అన్నాడు, తర్వాత కంపెనీ నిర్ణయం, మనం ఏం చేస్తాం అని బాబ్జీతోనే అన్నాడు, ఛాంగీ విమానాశ్రయం దాకా వెళ్ళి సూట్‌కేసు కూడా మోశాడు, వాన మొదలైంది, ఆరేసిన బట్టలు తీయమని అరుణశ్రీ కేకేస్తోంది, తీయాలి, లేవాలి, ఉద్యోగం కాపాడుకోవడానికి అబద్ధమాడి ఉంటే ఎప్పటికో ఒకప్పటికి తప్పయిపోయింది బాబ్జీ అని చెప్పుకునేవాడేమో, కానీ ఆ రోజు ఆ గదిలో తను అబద్ధమాడలేదు, నమ్మే అన్నాడు, రెండేళ్ళు పక్కన కూర్చున్న మనిషి చేతులు ఏం చేస్తున్నాయో ఒక్కసారైనా తల తిప్పి చూడకుండా.