మొరం కాదు, చెలక

హిటాచీ బకెట్టు మట్టిలో దిగబడి పైకి లేచింది. మట్టితో పాటు నడుమెత్తు పసుపు మొక్కలు తలకిందులుగా వేలాడుతూ లేచాయి. ఇంకా ఊరని లేత కొమ్ములు వేళ్లకు అంటుకుని బయటపడ్డాయి. అన్నీ కలిపి టిప్పర్లో కుమ్మరించారు. పచ్చి పసుపు వాసనా డీజిలు వాసనా ఒక్కసారే గంగి ముక్కుకు కొట్టాయి. అది ఆమె పసుపే. తొలకరికి నాటి, ఆకు కప్పి, వంగి వంగి కలుపు తీసి పెంచుకున్న మడి.

ఆమె పరుగున పోయి బకెట్టుకు అడ్డం నిలబడింది. ఆపరేటరు మిషను ఆపి చేతులెత్తేశాడు. "నన్నేమంటవ్ అవ్వా, దొరనడుగు."

దొరంటే కాంట్రాక్టరు జగపతిరావు. కారు నీడలో కుర్చీలు వేయించుకుని, పర్మిషన్లిచ్చే ఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరు సార్లతో మేకపోతు మాంసం తింటున్నాడు. సర్కారు జీతం చాలక ఇతని ఎంగిలీ తింటున్నారు. మూలుగ పీల్చేసిన ఎముకల్ని పసుపు మళ్లలోకే విసురుతున్నారు.

"దొరా, గిది నా చెలక. పట్టా ఉంది," అంది గంగి.

"చెలక ఏందే? గిది గుట్ట. గుట్టంటే మొరం, ఉత్త గులకరాళ్లు. కాయిదాలల్ల పనికిరాని రాళ్లజాగ అని ఉంది, ఈ సార్లను అడుగు." సార్లు తలలూపారు, నోటి నిండా బువ్వ ఉంది కదా. "అయినా గంగీ, మీకు బాట ఏసింది నేనే గద. గది యాది పెట్టుకో." అంటూ జగపతిరావు చేయి చాపి ఒక పసుపు ఆకు తెంపి, ఎంగిలి చేయి దానితో తుడుచుకుని పారేశాడు.

ఆ బాట సంగతి చెప్పాలి. చదువుకునే పిల్లలూ, పనికి పోయే తమ్ముళ్లూ వినాలి, ఎందుకంటే మనం మోసపోయేది ఇట్లాగే. తొర్రూరుకు అవతల ఆ గుట్ట వాలు మీద గంగి వాళ్ల లంబాడీ తండా ఉంది. వాలంతా ఎర్రటి లోతు మట్టి. ముసురు పట్టి కింది ఊళ్ల చేలల్లో నీళ్లు నిలిచి పసుపు దుంప కుళ్లిపోతే, గుట్ట మీది పసుపుకు ఏమీ కాదు. నీళ్లు ఆగకుండా దిగిపోతాయి. వాన మొహం చాటేసిన ఏడు కూడా చేయి పెట్టి తవ్వితే అడుగున తడి తగులుతుంది. పసుపు, అల్లం, కంది, ఆముదం, ఏది వేసినా కాదనని నేల. బాధల్లా ఒక్కటే, పండింది కిందికి దించడం. బండి ఎక్కదు. బస్తాలు నెత్తిన మోసి మోసి ఆడవాళ్ల మెడలు వంగిపోయాయి.

అందుకే ఎండాకాలంలో జగపతిరావు వచ్చి "మీకు బాట ఏస్తా" అంటే తండా అంతా పొంగిపోయింది. ప్రతి ఇల్లూ తన చెలకలోంచి ఒక పట్టీ వదిలింది. ఆడవాళ్లు పాటలు పాడుకుంటూ రాళ్లు మోశారు, గంగి అందరికంటే ముందు మోసింది. సర్పంచు మాన్‌సింగ్, గంగికి సొంత మరిది, దొర మెడలో దండ వేసి, ఆయన పెట్టిన మాంసం తిన్నాడు. ఎడ్లబండికి అంత వెడల్పు బాట ఎందుకని ఒక్కరూ అడగలేదు. కూలి లేకుండా తమ చేతులతో తామే టిప్పర్లకు తోవ పరిచారు. ఆ టిప్పర్లు ఎక్కి వచ్చి, పండే మట్టిని తీసుకుపోయి తొర్రూరు రోడ్డు పక్కన ప్లాట్ల వెంచరులో పరుస్తున్నాయి. అక్కడ దాని మీద గడ్డి కూడా మొలవనివ్వరు, ప్లాట్ల హద్దులకు రంగు పూసిన రాళ్లు పాతుతారు. థూ, ఇదీ అభివృద్ధి.

మరునాడు పొద్దున తవ్విన అంచు దగ్గరే తండా కూడింది. గుట్ట ఆవలి వైపు తండా నుంచి వాళ్ల పెద్దమనిషి ప్రేమ్‌చంద్ కూడా వచ్చాడు. తొర్రూరులో డిగ్రీ చదివే గంగి బిడ్డ లాలి, వ్యవసాయ శాఖలో పనిచేసే అహల్య మేడంకు ఫోను చేసి పిలిపించింది. వాలుకు అడ్డంగా రాతికట్టలు పోసుకోవడం తండాకు నేర్పింది ఆ మేడమే.

అహల్య గోడలా కోసిన మట్టిని చేత్తో తడిమి చూసింది. "గిది మొరం కాదు. పైనుంచి కింది దాక మట్టే. గింత తవ్వినా బండ తగలలేదు చూడుర్రి. గింత లోతు మట్టి గుట్ట మీద దొరుకుడే అరుదు. మామిడి పెట్టినా, సీతాఫలం పెట్టినా చెట్ల ఏర్లు ఎంత లోతుకన్న పోతయి. కానీ వాలు గద. కింద తీస్తే పైది నిలవది. మొన్నటి వానకు జారిన బురద కింది ఊరి మిరప చేన్లను కప్పింది, మీరే చూసిన్రు."

"గీ మాట మీ పైవాళ్లకు చెప్పరాదు మేడం?" అడిగింది లాలి.

"చెప్పిన. నీ పని నువ్వు చూసుకో అన్నరు. రేపు ఎవలడిగినా మళ్ల గిదే చెప్త."

మాన్‌సింగ్ లేచాడు. "దొరతోని కయ్యం పెట్టుకుంటే ఏమొస్తది? పోయిన చెలకకు ఏదన్న ఇప్పిస్త. బాటయితే మిగుల్తది గద."

ప్రేమ్‌చంద్ మీసం దువ్వుకున్నాడు. "మా దిక్కు తవ్వుతలేరు. మాక్కూడా బాట ఏసిండు, మంచిగనే ఉంది. మీ లొల్లిల మమ్ముల కలపకుర్రి."

గంగి అతని మొహంలోకి చూసింది. ఎండాకాలంలో తాను కూడా ఇట్లాగే మురిసిపోయింది కదా అనుకునేసరికి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. "అన్నా, నువ్వు ఏసుకున్నది బాట కాదు. ఆనికి దర్వాజ తీసినవ్. గుట్టకు మీ దిక్కు, మా దిక్కు అని ఉంటదా? ఈ పక్క కోసినంక ఆ పక్కకు రాడా?" అని, తండా వైపు తిరిగింది. "బాట దున్నుదాం."

ఒక ముసలమ్మ గొణిగింది. "బాట దున్నితే మళ్ల బస్తాలు నెత్తిన మొయ్యాలె గద బిడ్డా. నా మెడ చూడు."

"మోస్తం అవ్వా. మొయ్యనీకె పసుపు ఉండాలె గద."

ఆ ముసలమ్మే ముందు లేచి ఇంటికి పోయి గడ్డపార తెచ్చింది. ప్రేమ్‌చంద్ తల దించుకుని తన తండా దారి పట్టాడు.

టిప్పర్లు తొక్కి తొక్కి రాయిలా బిగిసిన బాట అది. ముందు గడ్డపారలతో పెళ్లగించారు, పారలతో తిరగేశారు, ఆ తర్వాత నాగళ్లు కట్టారు. పై పెంకు పగిలేదాకే కష్టం. దాని కింద అదే ఎర్రమట్టి, మెత్తగా విచ్చుకుంది. ఎవరి పట్టీ వాళ్లు దున్నుకుంటూ వచ్చారు. వెనకాల ఆడవాళ్లు కొంగుల్లోంచి ఉలవలు తీసి చల్లారు. మధ్యాహ్నానికి బాట లేదు. తండా అంతా గెట్ల మీద కూర్చుంది.

మొదటి టిప్పరు వచ్చి ఆగింది. నడిపేది శామ్యూల్, కింది ఊరి మాదిగవాడ మనిషి. కౌలుకు తీసుకున్న అతని మిరప చేను మొన్నటి బురద కింద పోయింది.

"ఏంది అవ్వా గిది?" అన్నాడు తల బయటపెట్టి.

"చెలక. ఉలవలు ఏసినం."

శామ్యూల్ చాలాసేపు చాళ్లను చూశాడు. ఇంజను ఆపేశాడు. వెనక వచ్చిన టిప్పర్లు కాసేపు హారన్లు కొట్టి అవీ ఊరుకున్నాయి. ఇంతలో కారు దిగి జగపతిరావు వచ్చాడు. వెంట మాన్‌సింగ్.

"ఏం చూస్తున్నవ్‌రా? తొక్కించు."

"ఇత్తనం పడ్డ చేన్ల బండి తోలను."

"నీ అయ్య జాగీరా? కూలికొచ్చినోనివి, చెప్పింది చెయ్యి."

"కూలికి వచ్చిన, గీ పాపానికి రాలే. భూపాలపల్లి దిక్కు పని చేసినప్పుడు గిట్లనే ఒక గుట్టను మొత్తం మోసిన. గాడ ఇప్పుడు గుంత ఉంది, మనుషుల్లేరు. ఇగ నాతోని కాదు." తాళంచెవి బానెట్టు మీద పెట్టి, పోయి తండా వాళ్ల పక్కన గెట్టు మీద కూర్చున్నాడు.

జగపతిరావుకు ఒళ్లు మండిపోయింది. తానే స్టీరింగు ముందు కూర్చుని టిప్పరును ఉరికించాడు. పది గజాలు కూడా పోలేదు. విప్పిన లోతు మట్టిలో ముందు చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. ఎంత తొక్కితే అంత కూరుకుపోయింది. దొర తిట్టుకుంటూ దిగబోయి, ధోవతి కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుని చాళ్లలో మోకాళ్ల మీద పడ్డాడు. ముందు ముసలమ్మ నవ్వింది, ఆ తర్వాత గుట్టంతా నవ్వింది. దొరలు అన్నీ ఓర్చుకుంటారు గానీ ఇదొక్కటి ఓర్చుకోరు. ఆయన పడ్డచోటునుంచే ఫోను తీశాడు.

పోలీసు వ్యాను గుట్ట కిందే ఆగిపోయింది. ఎస్సైతో సహా అందరూ నడిచి ఎక్కాల్సి వచ్చింది. "రోడ్డు పాడు చేసిన్రని కేసు," అన్నాడు ఎస్సై రొప్పుతూ.

"రోడ్డు యాడుంది సార్? మా పట్టా చెలకలు దున్నుకున్నం," అంది గంగి. ఎస్సై జగపతిరావు వైపు చూశాడు, జగపతిరావు ఎస్సై వైపు చూశాడు. న్యాయం ఎక్కడ కూర్చుంటుందో ఆ ఒక్క చూపులో తండాకంతటికీ తెలిసింది. గంగిని, లాలిని, ముసలమ్మను, అడ్డం వచ్చిన ఆడవాళ్లందరినీ, శామ్యూల్‌ను కిందికి తోలారు.

వ్యాను దగ్గర మాన్‌సింగ్ పరుగున వచ్చాడు. "వదినా, దొర కాళ్లు మొక్కు. ఇడిచిపెడ్తరు."

"నీ నోట్ల ఇంకా ఆయన పెట్టిన మాంసం వాసన కొడుతుంది. జర దూరం ఉండు," అంది గంగి.

ఠాణాలో అందరినీ ఒక ఇరుకు గదిలో బండల మీద కూర్చోబెట్టారు. ఎస్సై మెత్తగా మాట్లాడాలని చూశాడు. "మళ్ల ఆ జాగ జోలికి పోమని ఒక్క మాట చెప్పుర్రి. ఇండ్లకు పోవచ్చు."

"చెలకకు పోకుండ ఏం తింటం సార్? మీరొచ్చి పెడ్తరా?" అంది ముసలమ్మ.

ఎస్సై ఏదో అనబోయేంతలో ఫోను మోగింది. "ఏంది? ఆవలి దిక్కా? ఎవలు... ప్రేమ్‌చందా? నాగళ్లు కట్టిన్రా?" అతని మొహం రంగు మారింది. టోపీ అందుకుని, "వ్యాను తియ్యి, వ్యాను తియ్యి," అని అరుస్తూ బయటికి పోయాడు.

లాలి తన తల్లి చేయి పట్టుకుంది. "యాడీ," అంది, అమ్మను తమ తండా మాటలో పిలుస్తూ.

గంగి కాళ్లు దగ్గరికి ముడుచుకుని గోడ వైపు జరిగింది. "జర జరుగుర్రి," అంది అందరితో. "జాగ చెయ్యుర్రి. ఆవలి దిక్కోళ్లు వస్తున్నరు."