ఫణిశ్రీ కాళ్ళకింది నీళ్ళు

ఆ వారమంతా సూర్యప్రకాశం గారింట్లో బియ్యం బస్తా మంచం మీదే ఉంది. గ్యాస్ సిలిండరు పీట ఎక్కింది. ఫ్రిజ్ కింద ఇటుకలు పెట్టారు. పొద్దున్నే పేపరు చదివేటప్పుడు సూర్యప్రకాశం గారు రెండు కాళ్ళూ స్టూలు మీద పెట్టుకునేవారు. వంటింట్లో ఆయన భార్య శ్రీదుర్గ కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, చీలమండల లోతు నీళ్ళలో నిలబడి ఉప్మా కలిపేది. అలాగని రావులపాలెంలో వానలేం పడలేదు. శివరాత్రి వెళ్ళిపోయి ఎండలు మొదలయ్యాయి. గోదావరి కూడా ఇసుక మధ్య పాయలు పాయలుగా చిక్కిపోయింది. ఇంట్లో నీళ్ళెందుకంటే, వాళ్ళమ్మాయి ఫణిశ్రీ వచ్చే సోమవారం అనంతపురం వెళ్ళి పీజీలో చేరాలి.

ఫణిశ్రీకి భయం వేస్తే కాళ్ళ కింద నీళ్ళు ఊరతాయి. చిన్నప్పట్నుంచీ అంతే. సిమెంటు నేలైనా, టైల్స్ అయినా ఒకటే. చల్లని, తేటనీళ్ళు. భయం తగ్గితే ఎలా వచ్చాయో అలాగే ఇంకిపోతాయి. నాలుగో తరగతిలో ఎక్కాలు అప్పజెప్పమన్న రోజు క్లాసు క్లాసంతా బెంచీల మీదకెక్కి కూర్చుంది. మెడిసిన్ ఎంట్రన్సు రాసిన రోజు ఇన్విజిలేటరు తన బూట్లు తీసి కిటికీలో పెట్టుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని హాలంతా తిరిగాడు. దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. భయం వేస్తే ఒకరికి చెమట పడుతుంది, ఒకరికి కడుపులో నొప్పి వస్తుంది, ప్రకాశం మాస్టారి అమ్మాయికి నీళ్ళొస్తాయి.

"అనంతపురంలో సీటు రావడం మంచిదయ్యిందండి మాస్టారూ," అన్నాడు పక్కింటి హరిబాబు గోడ మీంచి తొంగిచూసి. "మనమ్మాయిని ఎదురొచ్చి మేళాలతో తీసుకెళ్తారు. ఇక్కడైతే ఏం విలువండి, నీళ్ళకేం తక్కువా మనకి?"

అందరూ నవ్వారు. ఫణిశ్రీ కూడా నవ్వింది. నీళ్ళు మాత్రం అంగుళం తగ్గలేదు.

ఎందుకు తగ్గలేదో ఆమె ఒక్కదానికే తెలుసు. ఆమె వెళ్ళదల్చుకోలేదు. ఆ మాట ఇంట్లో చెప్పడానికి నోరు రావడం లేదు.

హౌస్ సర్జన్సీ చివర్లో, ఒక మధ్యాహ్నం, ఆమె డ్యూటీలో ఉండగా పురుగుమందు తాగినాయన్ని క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. నోటి నిండా నురగ. సీనియర్ పక్క గదిలో ఇంకో కేసు చూస్తున్నాడు. సక్షన్ పైపు పట్టుకుని ఆ నురగ లాగుతున్న ఫణిశ్రీకి ఒక్కసారిగా భయం వేసింది. నీళ్ళు చీలమండలు దాటి, మోకాళ్ళు దాటి, గోడకున్న ప్లగ్గు దాకా వచ్చేశాయి. ఫ్యూజు పోయింది. మిషను ఆగిపోయింది. కాలితో తొక్కే పాత మిషను ఎక్కడో వెతికి తెచ్చేసరికి ఆయన ప్రాణం పోయింది. "తీసుకొచ్చేటప్పటికే ఆలస్యమైపోయింది, నీ తప్పేం లేదు" అన్నాడు సీనియర్. నిజమే కావచ్చు. ఆయన భార్య ఆ నీళ్ళలోనే నిలబడి, "మీరు చాలా కష్టపడ్డారమ్మా" అని దణ్ణం పెట్టింది. తిట్టినా బాగుండేదనుకుంది ఫణిశ్రీ.

ఇప్పుడొచ్చిన సీటేమో మత్తు డాక్టరు కోర్సుది. ఆపరేషన్ థియేటర్లో మనిషి తల దగ్గర కూర్చుని, ఆ మనిషి ఊపిరి తన చేతిలో పెట్టుకోవాలి. చుట్టూ మిషన్లు, నేలంతా వైర్లు. ఆ గదిలో మోకాలి లోతు నీళ్ళొస్తే? ఈ ఆలోచన వచ్చిందంటే కాళ్ళు తడిసేవి. కాళ్ళు తడిశాయంటే మళ్ళీ ఇదే ఆలోచన.

"భయపడకమ్మా," అనేవారు సూర్యప్రకాశం గారు. ఆమెకి మాటలు వచ్చినప్పట్నుంచీ ఆయన రోజూ అనే మాట అది. హైస్కూల్లో పనిచేసి రిటైరైన మాస్టారు. ఒక మాట వందసార్లు చెబితే ఎవరికైనా వస్తుందని ఆయన నమ్మకం.

"అలాగే నాన్నగారూ" అనేది ఫణిశ్రీ.

వెళ్ళేలోగా మొక్కులు తీర్చేయాలని అమ్మా నాన్నా ఇద్దరూ కలిసి ఆమెని తిప్పారు. శుక్రవారం కోరుకొండ. నిటారుగా ఉన్న ఆ మెట్లు ఎక్కుతుంటే సోమవారం గుర్తొచ్చి ఆమె పాదాల కింద నీళ్ళు పుట్టి, మెట్టు మెట్టుకీ కిందకి జారాయి. వెనకొచ్చే వాళ్ళు ఎవరో పుణ్యాత్ములు మెట్లు కడిగిస్తున్నారనుకుని, ఎండకి కాలిన కాళ్ళు తడుపుకుంటూ సంతోషంగా ఎక్కారు. శనివారం పట్టిసీమ. అద్దె కారు డ్రైవరు కొవ్వూరు దాటాక బండి పక్కకి ఆపి, వెనక తలుపు తీసి, లోపలి నీళ్ళు వదిలేసి, మాట్లాడకుండా మళ్ళీ ఎక్కాడు.

పట్టిసీమ గుడి నది మధ్య గుట్ట మీద ఉంటుంది. పండగ రద్దీ అయిపోవడంతో పడవలన్నీ వెళ్ళిపోయి, అచ్చిబాబు ఇంజను పడవ ఒక్కటే రేవులో మిగిలింది. ఫణిశ్రీకి ఈత రాదు. పడవెక్కి కూర్చోగానే అడుగున నీళ్ళు చేరాయి. అచ్చిబాబు ఒకసారి ఆమె కాళ్ళ వంక చూసి, డబ్బా తీసి తోడి నదిలో పోయడం మొదలుపెట్టాడు.

ఎదురు బల్ల మీద భీమవరం వైపు నుంచి వచ్చిన దంపతులున్నారు. వెంకటరామరాజు గారికి రొయ్యల చెరువులున్నాయి. మంచి కబుర్ల మనిషి, ఫణిశ్రీ డాక్టరని సూర్యప్రకాశం గారి చేత అప్పుడే చెప్పించేశారు. ఆయన భార్య రత్నమాణిక్యం కొబ్బరికాయల సంచి ఒళ్ళో పెట్టుకుని ఊరికే వింటోంది.

"ఏమ్మా, ఈ నీళ్ళు నీవేనా?" అన్నారు రాజుగారు.

"అవునండి. సారీ అండి."

"సారీ ఎందుకూ?" ఆయన వంగి, వేలు ముంచి నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని ఆలోచించారు. "చప్పవి. రొయ్యకి పనికిరావు. చేపకైతే భేషుగ్గా ఉంటాయి. ఎండాకాలం వచ్చి మా చెరువు గట్టు మీద కూచోరాదూ, బోరుకి డీజిలు మిగులుద్ది."

"డాక్టరమ్మనా మీరలా అడిగేది?" అని రత్నమాణిక్యం కసిరింది.

ఫణిశ్రీకి నిజంగానే నవ్వొచ్చింది. నీళ్ళు కొంచెం తగ్గాయి. ఇలాంటి మనుషుల మధ్య, ఎవరి ప్రాణమూ తన చేతిలో లేకుండా బతికేస్తే ఎంత హాయి అనుకుంది. దర్శనం చేసుకుంటూ వీరభద్రుడికి ఆ మాటే చెప్పుకుంది.

దిగి వస్తుండగా రాతి అంచు కింద ఉన్న తేనెపట్టు కదిలింది. ఎవరో కింద కర్పూరం వెలిగించారట, పొగ తగిలిందట. జనం కొంగులూ తువ్వాళ్ళూ కప్పుకుని పరుగెత్తారు. ఎక్కువమందిని కుట్టలేదు. రాజుగారికి మాత్రం మెడ మీద, చెవి వెనకా కుట్టాయి. "ఈ మాత్రం దానికేంటి, రొయ్య ముల్లంత లేదు," అని నవ్వుతూనే పడవెక్కారు.

పడవ నడి పాయలోకి వచ్చేసరికి ఆయన మాటలు తగ్గాయి. చేతులు గోక్కుంటున్నారు. ఫణిశ్రీ చూసింది. మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు లేస్తున్నాయి. పెదవులు ఉబ్బుతున్నాయి.

"రాజుగారూ, మీ పేరు ఒకసారి చెప్పండి," అంది.

"వెంకట..." అన్నారాయన. గొంతు బొంగురుపోయి వేరే మనిషి గొంతులా ఉంది.

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. ఇదేంటో తెలుసు. తర్వాత ఏమవుతుందో వరసగా తెలుసు. గొంతు లోపల వాస్తుంది, ఊపిరి పీల్చినప్పుడు కూత వినిపిస్తుంది, తర్వాత బీపీ పడిపోతుంది, తర్వాత కూత కూడా వినిపించదు. ఒక్క ఇంజెక్షను చాలు. అది ఆమె దగ్గర లేదు. నూట ఎనిమిదికి ఫోన్ చేసి, తేనెటీగలు కుట్టాయని, అడ్రినలిన్ సిరంజిలో ఎక్కించి సిద్ధంగా ఉంచమని చెప్పింది. బండి దగ్గర్లోనే ఉందన్నారు. ఆమె ఫోన్ పెట్టేసేలోగా పడవ కింద గరగరమంది. అడుగు ఇసుకలో దిగి, పడవ ఆగిపోయింది.

అచ్చిబాబు ఇంజను అరిపించాడు. వెనక బురద లేచింది తప్ప పడవ కదల్లేదు. మగవాళ్ళంతా దిగి నెట్టారు. సూర్యప్రకాశం గారు కూడా పంచె ఎగ్గట్టి దిగి నెట్టారు. పొద్దున్న లోతున్న చోట ఇప్పుడు నీళ్ళు తీసి ఇసుక మేట పైకొచ్చింది. దాని అవతల ఈతగాళ్ళు కూడా దిగలేని లోతు, వడి. రేవు మెట్లు కనిపిస్తూనే ఉన్నాయి. మెట్ల పైన అంబులెన్సు వచ్చి ఆగడం కూడా కనిపించింది.

రాజుగారి ఊపిరికి కూత మొదలైంది. శ్రీదుర్గ వెనక కూర్చుని ఆయన్ని తన భుజానికి ఆనించి పట్టుకుంది.

ఫణిశ్రీ కళ్ళు మూసుకుంది. భయపడకూడదు, భయపడకూడదు అనుకుంటోంది. పడవలో నీళ్ళు నిండితే అందరూ పోతారు. పళ్ళు బిగించి, గోళ్ళు అరచేతుల్లో దిగేలా పిడికిళ్ళు బిగించి ఆ నీళ్ళని చీలమండల దగ్గరే ఆపింది. ఇంతకాలం నేర్చుకున్నదంతా అదే.

"అమ్మా," అంది రత్నమాణిక్యం. పొద్దున్నుంచీ పెద్దగా మాట్లాడని మనిషి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "కిందకి దిగమ్మా. ఇసుకలో దిగి నిలబడి భయపడమ్మా. నీకు పుణ్యముంటుంది. ఎంత భయముందో అంతా పడమ్మా."

అచ్చిబాబు ఇంజను ఆపేశాడు. ఫణిశ్రీ తండ్రి వైపు చూసింది. సూర్యప్రకాశం గారు అలవాటు కొద్దీ "భయప..." అని, మాట మింగేశారు. మిగతావాళ్ళతోపాటు పడవ ఎక్కి, అంచు మీంచి చెయ్యి చాచి, "చెయ్యి వదలనమ్మా," అన్నారు.

ఆమె దిగింది. నది ఆ చోట పిక్కల దాకా కూడా లేదు. ఇసుక పాదాల కింద మెత్తగా జారుతోంది. పడవ అంచు మీంచి రాజుగారి ముఖం కనిపించింది. పెదవులు నల్లబడుతున్నాయి. ఈసారి ఆమె కళ్ళు మూసుకోలేదు. ఆయన ఊపిరి ఆగిపోవడం చూసింది, ఆగకముందే చూసింది. రత్నమాణిక్యం తనకి దణ్ణం పెట్టడం చూసింది. క్యాజువాలిటీలోని ఆ మధ్యాహ్నాన్ని చూసింది, థియేటర్లో ఇంకా పుట్టని మధ్యాహ్నాలన్నీ చూసింది. జీవితమంతా తలుపు వేసి అవతల నిలబెట్టిన భయాన్ని ఒక్కసారి లోపలికి రానిచ్చింది. అమ్మా అని అరిచింది కూడా.

నీళ్ళు లేచాయి. మోకాళ్ళ నుంచి నడుముకి, నడుము నుంచి ఛాతీకి వచ్చాయి. పడవ ఒకసారి మూలిగి, అడుగు ఇసుకని వదిలింది. "తేలింది, తేలిందండోయ్!" అని అచ్చిబాబు తాడు లాగి ఇంజను కొట్టాడు. నీళ్ళు గడ్డం దాకా వచ్చి, కాళ్ళు నేల నుంచి లేచిపోయాయి. సూర్యప్రకాశం గారు చెయ్యి వదల్లేదు. ఇంకో ఇద్దరు కలిసి ఆమెని పైకి లాగి పడవలో పడేశారు. ఆమెతోపాటు నీళ్ళూ పడవలోకి వచ్చాయి. కొబ్బరి చిప్పలతో, డబ్బాతో, ప్రసాదం గిన్నెతో దొరికినవాళ్ళు దొరికినట్టు తోడుతూనే ఉన్నారు. పడవ లోతులోకి దూకి రేవు పట్టింది.

అంబులెన్సు కుర్రాడు సిరంజి పట్టుకుని మెట్ల మీదే ఉన్నాడు. ఫణిశ్రీ అది తీసుకుని, పంచె పక్కకి లాగి, రాజుగారి తొడలో గుచ్చింది. అప్పుడు కూడా ఆమెకి భయంగానే ఉంది. మెట్ల మీద నీళ్ళు పొంగి కిందకి కారుతూనే ఉన్నాయి. కానీ చెయ్యి వణకలేదు. ఇంత భయంలో కూడా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయని ఆమెకి అంతవరకూ తెలియదు.

కాసేపటికి కూత తగ్గింది. పెదవులకి రంగొచ్చింది. స్ట్రెచర్ మీద పడుకున్న రాజుగారు కళ్ళు తెరిచి, "నా చెప్పులేవే?" అని భార్యని అడిగారు. రత్నమాణిక్యం ఏడుస్తూ తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూనే బండెక్కింది. అంబులెన్సు వెళ్ళిపోయింది.

జనం చెదిరారు. శ్రీదుర్గ కూతురికి పొడి తువ్వాలు కప్పి, టీ తేవడానికి వెళ్ళింది. ఫణిశ్రీ రేవు మెట్టు మీద కూర్చుంది. ఇసుక మేట మీద నీళ్ళు అప్పుడే తీసేస్తున్నాయి. సూర్యప్రకాశం గారు వచ్చి పక్కన కూర్చున్నారు. తడిసిన పంచె అంచులు పిండుకున్నారు.

"బుధవారం నా ఫోన్‌కి మెసేజ్ వచ్చిందమ్మా," అన్నారు చివరికి. "రైలు టికెట్టు క్యాన్సిల్ అయినట్టు."

ఫణిశ్రీ తలొంచుకుంది. "అడగలేదేం నాన్నగారూ?"

"అడిగితే ఏం చెబుతావో అని," అన్నారాయన. "నాకూ భయం వేసింది."

ఆయన నోట ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు. తువ్వాలు భుజాల చుట్టూ లాక్కుని నది వైపు చూసింది.

"మళ్ళీ తీయండి నాన్నగారూ. రేపటికి."

"భయం తగ్గిందా అమ్మా?"

"లేదండి."

నిజమే. మెట్టు మీద ఇద్దరి పాదాలూ తడుస్తున్నాయి. సూర్యప్రకాశం గారు కాళ్ళు పైకి తీసుకోలేదు. ఫోన్ తీసి, కళ్ళజోడు సర్దుకుని, స్క్రీను మీద వేలితో వెతకసాగారు.

"అయితే లోయర్ బెర్త్ చూస్తాను," అన్నారు. "పై బెర్తయితే కిందవాళ్ళు తడిసిపోతారు."